ఉల్లిపాయల పెట్టె

జనవరి 9
చేతి డాక్టరు రాయమన్నాడు. రాస్తున్నాను.

జనవరి 10
ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. "ఏదో ఒకటి రాయండి తాతగారూ, రోజూ నాలుగు ముక్కలు, కుడిచేత్తోనే" అన్నాడు. పక్షవాతం కొట్టిన చెయ్యి మొద్దుబారకుండా ఉండాలంటే ఇదే మందట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రంపం పట్టిన చెయ్యి. దానికిప్పుడు పెన్ను మందు.

అక్షరాలు మా ఆవిడ నేర్పింది, పెళ్ళయ్యాక. కొలతలు రాసుకోవడం వస్తే చాలన్నాను. ఊరుకుందా? కూర్చోబెట్టి దిద్దించింది. ఇప్పుడు ఉండి ఈ రాత చూస్తే పడీ పడీ నవ్వేది.

జనవరి 14
చలి.

జనవరి 17
వెనక గదిలో అద్దెకుండే పిల్ల లాండ్రీలో పనిచేస్తుంది. అందరూ ఇస్త్రీ పిల్ల అనే అంటారు. ఇవాళ నా దగ్గరికొచ్చి నిలబడింది.

"తాతా, పేపరు చదివి పెట్టనా? ఆ పేజీ మీదే ఉన్నారు ఇందాకటి నుంచీ."

"నాకు చదువొచ్చు."

"రాదని ఎవరన్నారు? కళ్ళకి శ్రమ అని."

"నా కళ్ళ సంగతి నీకెందుకే? నీ ఇస్త్రీ పెట్టె మాడకుండా చూసుకో."

మూతి ముడుచుకుని పోయింది. మంచిదే. చనువిస్తే నెత్తికెక్కుతారు.

ఆ పేజీ ఇంకా అవలేదు.

జనవరి 25
మెట్ల కింద ఉల్లిపాయలు తీసుకోమని ఆ పిల్లకి నేనే చెప్పాను. నాదే బుద్ధి తక్కువ.

"ఇదేంటి తాతా?"

"ఉల్లిపాయల పెట్టె."

"మరి కాళ్ళ కింద ఈ వంపు చెక్కలేంటి? ముట్టుకుంటే ఊగుతోంది."

"నేల ఎగుడుదిగుడు."

"నేల సమంగానే ఉందిగా."

"నీకు కావాల్సినవి తీసుకుని పోవే తల్లీ."

పోయింది గానీ, పోతూ పోతూ వేలితో ఇంకోసారి ఊపింది.

టేకు అది. అణువణువూ టేకు. మా ఆవిడకి నెల తప్పిందని తెలిసిన రోజునే చెక్క కోశాను. తొందరపడ్డాను. చుట్టూ సన్న కమ్మీలు పెట్టాను కాబట్టి గాలి బాగా ఆడుతుంది. ఉల్లిపాయలు కుళ్ళవు.

ఫిబ్రవరి 3
ఇస్త్రీ పిల్ల ఒళ్ళు చేసింది. కింద టీ కొట్టువాడు మిగిలిన బ్రెడ్డంతా దీనికే పెడుతున్నట్టున్నాడు. రెండు స్వెట్టర్లు వేసుకుని తిరుగుతోంది. లాండ్రీలో ఆ ఆవిరి వేడిలో రెండు స్వెట్టర్లు ఎందుకో.

మునుపు మోటారు సైకిలు మీద తెచ్చి దింపేవాడొకడు ఉండేవాడు. కనపడటం మానేశాడు. నాకెందుకు.

ఫిబ్రవరి 10
ఎదురుగా ఉన్న ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పెద్ద నర్సమ్మ పిలిచింది. పక్క గోడకి చిన్న తలుపు కావాలట. బయటి నుంచి తీస్తే లోపల ఊయల ఉండాలట. బిడ్డని పడుకోబెట్టి తలుపు మూస్తే తాళం పడిపోవాలి, లోపల గంట మోగాలి.

"ఎవరి బిడ్డ?" అన్నాను.

"ఎవరిదైనా. కొత్త చట్టం వచ్చింది తాతగారూ. పెంచుకోలేనివాళ్ళు పసిబిడ్డని ఇక్కడ అప్పగించి వెళ్ళిపోవచ్చు. పేరడగరు. పోలీసులు రారు. కేసుండదు."

"కని పారేస్తే తప్పు లేదని చట్టం చేశారన్నమాట. బాగుంది సంబడం."

"పారెయ్యకుండా ఉండాలనే చేశారు. కిందటేడు చెత్తకుండీలోంచి పాపని మోసుకొచ్చింది నేనే. వచ్చేసరికి ఊపిరి లేదు."

మూశాక బయటి నుంచి మళ్ళీ తీయడానికి ఉండదా అని అడిగాను. ఉండదంది. దారిన పోయేవాడెవడో వచ్చి బిడ్డని ఎత్తుకుపోకుండా. లోపలివాళ్ళు వచ్చి బిడ్డని తీసుకుని, తాళం విప్పాకే ఇంకొకరికి తెరుచుకుంటుందట.

"నేను చేసిన ఏ తలుపైనా రెండు వైపులా తెరుచుకుంటుంది" అన్నాను.

"ఇది తెరుచుకోదు" అంది.

ఒప్పుకున్నాను. నా చెయ్యి బాగుపడిందని వీధిలో నలుగురికీ తెలియాలి కదా.

ఫిబ్రవరి 27
తలుపు పెట్టాను. గోధుమపిండి సంచీ ఊయలలో పడుకోబెట్టి మూసి చూశాను. చడీచప్పుడూ లేదు. తాళం పడింది, లోపల గంట మోగింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి పిండి సంచీని ఎత్తుకుని నవ్వింది.

తలుపు పక్కన బిగించమని ఒక రేకు బోర్డు ఇచ్చింది. నిండా సన్న అక్షరాలు. మడతబందుల వైపు బిగించాను. అటైతే అందంగా ఉంది. రసమట్టం పెట్టి మరీ బిగించాను. వెంట్రుకవాసి వంకర లేదు.

నర్సమ్మ వీధిలో అందరికీ ఒక మాట చెప్పింది. ఆ గోడ వైపు ఎవరూ చూడకూడదు. చూసినా చూడనట్టే ఉండాలి. "ఎవరైనా ఒక్కసారి నేను చూశాను అన్నారంటే చాలు, ఇంకో తల్లి ఇక్కడికి రాదు. చెత్తకుండీకే పోతుంది" అంది. టీ కొట్టువాడు బల్లని ఇటు తిప్పేశాడు. నా కిటికీ మాత్రం అటే ఉంది. కిటికీని తిప్పలేను కదా.

మార్చి 18
వెనక గదిలో కుళాయి ఆగకుండా పారుతోంది. పిల్లకి కడుపునొప్పట, పనికి పోలేదు. వెళ్ళి తలుపు కొట్టాను.

"ఏం లేదు తాతా. మీరు వెళ్ళండి."

"డాక్టరుని పిలవనా?"

"వద్దు! మీకు దండం పెడతాను, వెళ్ళండి."

వచ్చేశాను. రేడియో పెట్టుకున్నాను. కొంచెం గట్టిగానే పెట్టుకున్నాను.

మార్చి 19
పొద్దున్నే సన్నటి జల్లు. ఇస్త్రీ పిల్ల బట్టల మూటతో రోడ్డు దాటింది. ఆసుపత్రి దుప్పట్లు కూడా ఆ లాండ్రీవాళ్ళే చేస్తారు కాబోలు. గోడ పట్టుకుని, ఆగి ఆగి నడిచింది. మూట చంకన పెట్టుకోలేదు. రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. తడుస్తుందని.

కాసేపటికి గంట మోగింది. నా గదిలోకి వినపడింది.

"తాతా! మోగిందండోయ్ మీ తలుపు!" అని టీ కొట్టువాడు కింద నుంచి కేక.

"నాకేం చెవుడు లేదు. అటు చూడకురా."

"నేను చూట్లేదు. మీరే చూస్తున్నారు."

"నాది కిటికీ."

తలుపు పడిన చప్పుడు మాత్రం వినపడలేదు. పని అంటే అలా ఉండాలి.

మార్చి 20
పాలు ఎక్కువయ్యాయి. విరిగిపోతాయని కాచి గిన్నెతో ఆ పిల్ల గది ముందు పెట్టాను.

మార్చి 21
గిన్నె కడిగి నా గుమ్మంలో పెట్టింది. బోర్లించి.

మార్చి 22
ఇవాళ కూడా పాలు ఎక్కువయ్యాయి.

మార్చి 30
స్వెట్టర్లు మానేసింది. ఎండలు ముదురుతున్నాయి కదా.

ఏప్రిల్ 12
పని నుంచి వస్తూ వస్తూ ఆ గోడ దగ్గర ఆగుతోంది. తలుపు తీసి, దాని చాటున నిలబడుతుంది. నాకు కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. ఊయలలో ఏముంటుంది? ఖాళీ. ఖాళీ ఊయలని ఏం చూస్తుంది? తర్వాత మూసి గబగబా వచ్చేస్తుంది. లోపల గంట మోగుతుంది.

నేను చూడలేదు.

ఏప్రిల్ 13
మళ్ళీ.

ఏప్రిల్ 15
మళ్ళీ. వస్తూ మెట్ల కింద ఆగింది. ఉల్లిపాయలకి కాబోలు. వట్టి చేతులతోనే గదిలోకి పోయింది.

ఏప్రిల్ 21
వెనక గదిలోకి వెళ్ళే దారిలో ఎదురుపడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమే, ఏడ్చావా?"

"ఆవిరి తాతా. ఇస్త్రీ ఆవిరి."

"ఆవిరికి కళ్ళు వాస్తాయా?"

"మీ నేల ఎగుడుదిగుడైతే నా కళ్ళూ వాస్తాయి" అని విసురుగా పోయింది.

దీని నోటికి హద్దూ పద్దూ లేదు. ఆ మాటకి అర్థమేంటో సాయంత్రం దాకా ఆలోచించాను.

ఏప్రిల్ 29
నిన్న సాయంత్రం ఆ పిల్ల తలుపు మూసేసరికి లోపలి నుంచి నర్సమ్మ "ఎవరది?" అని అరిచింది. పిల్ల చెప్పు జారి పడబోయి, లేచి పరుగెత్తింది. ఇవాళ పని నుంచి వేరే వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చింది.

మే 7
నర్సమ్మ నన్ను పిలిపించింది.

"తాతగారూ, మీ తలుపులో ఏదో లోపం ఉంది. చాలా రోజులు సాయంత్రాలు ఊరికే గంట మోగేది. పరుగెత్తుకుని వెళ్తే ఊయల ఖాళీ. ఈ మధ్య ఆగింది గానీ, పైనుంచి అడుగుతున్నారు, చూడండి."

ఒళ్ళు మండిపోయింది. నా తలుపులో లోపం! నలభై ఊళ్ళు తిరిగినా ఇలాంటి బిగింపు చూపించలేరు. ఎందుకు మోగిందో నాకు తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది మాట.

"ఉండొచ్చు. చూస్తాను" అన్నాను.

జీవితంలో ఆ మాట అనడం ఇదే మొదలు. అని బయటికొచ్చి, గోడ దగ్గర నిలబడి, ఊరికే చూసినట్టు నటించడానికి తలుపు పూర్తిగా తీశాను. తీస్తే గోడకి వెళ్ళి ఆనింది. బోర్డు కనపడలేదు. తలుపు కింద ఉంది బోర్డు.

తాళం పడకుండా దగ్గరగా వేశాను. కనపడింది. తీశాను. పోయింది.

తలుపు మూసి ఉన్నప్పుడు ఆ గోడ ముందు నిలబడి, వీధి అంతా వెనక ఉండగా, సన్న అక్షరాలు చదివే ధైర్యం ఎవరికుంటుంది? తలుపు తీశాకే కదా దాని చాటున నిలబడతారు. ఆ చాటున ఏమీ లేదు. వట్టి గోడ.

లోపలికి వెళ్ళి బోర్డులో ఏం రాశారని నర్సమ్మని అడిగాను.

"మీరే బిగించారుగా. చదవలేదా?"

"చదివాను. మర్చిపోయాను."

ఆమె చెప్పింది. ఇచ్చినవాళ్ళ మనసు మారితే రెండు నెలల లోపు ముందు ద్వారం దగ్గరికి వచ్చి అడగొచ్చట. రక్త పరీక్ష చేసి తల్లేనని తేలితే బిడ్డని తిరిగి ఇచ్చేస్తారట. శిక్ష లేదు. రెండు నెలలు దాటితే కోర్టు వేరే అమ్మానాన్నలకి రాసిచ్చేస్తుందట. ఆ తర్వాత ఎవరు ఏడ్చినా రాదు.

ఇంటికొచ్చి క్యాలెండరు చూశాను.

మే 8
నర్సమ్మ కూడా చూసుకోవాలి కదా. బోర్డు ఇచ్చినప్పుడు ఎటు బిగించాలో చెప్పాలి కదా. అంత చదువుకున్నవాళ్ళు.

మే 8, మళ్ళీ
అందంగా ఉందని కాదు అటు బిగించింది. ఇవతలి పక్క రాయి. డ్రిల్లు పట్టుకుంటే చెయ్యి ఆగలేదు. అటు పాత చెక్క చట్రం ఉంది, మేకు సులువుగా దిగింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని రసమట్టం పెట్టాను.

మే 9
బోర్డు మార్చితే సరిపోదు. ఆ పిల్ల అటు రావడమే మానేసింది. పోనీ చెబుదామంటే, చెప్పగానే నేను చూశానని తెలిసిపోతుంది. చూశానంటే నర్సమ్మ చెప్పినట్టే అవుతుంది. ఈ పిల్ల మూట సర్దుకుని ఏ దిక్కుకో పోతుంది. ఇక ఏ ముందు ద్వారానికీ రాదు.

పాలు పొంగి స్టవ్వు మీద పోయాయి.

మే 10
పొద్దున బోర్డు ఊడదీసి ఇంటికి తెచ్చాను. లోపం ఉంది, మార్చాలి, రేపు ఇస్తానని నర్సమ్మకి చెప్పాను. బందుల వైపు బిగించడం నా తప్పని కూడా చెప్పాను. "అయ్యో, ఇన్నాళ్ళూ మేమూ గమనించలేదు తాతగారూ" అంది. ఓదార్పు నాకు అక్కర్లేదు.

సాయంత్రం ఆ పిల్ల వచ్చేసరికి టీ పెట్టి ఉంచాను. బోర్డు బల్ల మీద పెట్టాను.

"ఏమే, ఇటు రా. ఇది చదివి పెట్టు."

గుమ్మంలోనే ఆగిపోయింది. బోర్డు చూసింది. మొహం సున్నం కొట్టినట్టయింది.

"మీకు చదువొచ్చన్నారుగా."

"రాదు" అన్నాను.

ఆ మాట మా ఆవిడతో కూడా అనలేదు నేను.

"పేపరు మీద పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటాను. ఇవి సన్నవి. పైకి ఏ వైపు ఉండాలో తెలియక అడుగుతున్నాను. చదువు."

నిలబడే చదివింది.

"మీ పేరు ఎవరూ అడగరు. బిడ్డను ఊయలలో పడుకోబెట్టి తలుపు మూయండి. మూసిన తర్వాత మీరు వెళ్ళిపోవచ్చు. మీకు వైద్యం కావాలంటే ముందు ద్వారం దగ్గర అడగండి. మీ మనసు మారితే..."

ఆగిపోయింది.

"చదవవే. సగం సగం చదివితే నాకేం తెలుస్తుంది?"

"మీ మనసు మారితే రెండు నెలల లోపు ముందు ద్వారం దగ్గరకు రండి. పరీక్ష చేసి మీ బిడ్డను మీకు తిరిగి ఇస్తారు. ఇందుకు శిక్ష లేదు."

"మళ్ళీ చదువు. వినపడలేదు."

మళ్ళీ చదివింది. ఈసారి కూర్చుంది.

"తాతా, ఇది నిజంగా ఇస్తారా, ఊరికే రాశారా?"

"ఊరికే రాసిన దాన్ని నేను బిగిస్తానా?"

"ఇది ముందు నుంచీ అక్కడే ఉందా?"

"ఉంది. తలుపు తీస్తే దాని వెనక్కి పోతుంది. తీసినవాళ్ళకి కనపడదు. బిగించినవాడు వెధవ."

"ఎవరు బిగించారు?"

"నేనే."

నా వైపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. బోర్డు మీద చెయ్యి పెట్టి ఆ వరసని వేలితో నిమురుతూ కూర్చుంది, ఇస్త్రీ మడత సరిచేసినట్టు.

"రెండు నెలలంటే..." అంది, తనలో తాను.

"ఇంకా ఉంది" అన్నాను.

తలెత్తింది. "ఏది ఇంకా ఉంది తాతా?"

నా నాలుక కోసెయ్యాలి.

"టీ. టీ ఇంకా ఉంది గిన్నెలో. తాగు."

చాలాసేపు నన్నే చూసింది. తర్వాత కప్పు ముందుకి జరిపింది. పోశాను. బోర్డు మీద కొంచెం ఒలికింది. కొంగుతో తుడిచింది.

మే 11
బోర్డు ఇవతలి పక్కకి మార్చాం. రాయికి రంధ్రం నేను పెట్టలేకపోయాను. టీ కొట్టువాడిని పిలిచాను.

"మీరు డ్రిల్లు ఇంకొకడి చేతికి ఇస్తారా తాతా? ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు?"

"వాగకుండా గట్టిగా పట్టుకో. రాయి అది, బ్రెడ్డు కాదు."

తలుపు తీసి లోపల తల పెట్టినట్టు నిలబడి చూశాను. కంటికి ఎదురుగా ఉంది.

పిల్ల గదిలోంచి బయటికి రాలేదు.

మే 12
పనికి పోలేదు. ముందు ద్వారానికీ పోలేదు. కిటికీ దగ్గరే కూర్చున్నాను. నాది కిటికీ.

మే 13
గదిలో ఫోనులో మాట్లాడుతోంది. "అక్కా" అని వినపడింది. తర్వాత ఏడుపు. ఆ తర్వాత మళ్ళీ "అక్కా". రేడియో పెట్టుకున్నాను. ఈసారి చిన్నగానే పెట్టాను. అయినా ఏమీ వినపడలేదు.

మే 14
చేతి డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి గది ఖాళీ. తాళంచెవి కిటికీలో ఉంది. నేల తుడిచి వెళ్ళింది. చెప్పి పోవాలని లేదు. అద్దెకుండేవాళ్ళు వస్తారు, పోతారు.

మే 15
మడతబందులకి నూనె వేసే మిషతో ఆసుపత్రికి వెళ్ళాను.

"ఊయల ఎలా ఉంది?" అన్నాను.

నర్సమ్మ నవ్వలేదు. "తాతగారూ, మీరు అడగకూడదు. నేను చెప్పకూడదు."

"నేను తలుపు సంగతి అడిగాను."

"తలుపు బాగుంది."

మే 16
పాలు సరిపోయాయి.

మే 17
ఏం లేదు.

మే 20
నిన్నటితో రెండు నెలలు అయిపోయాయి. ముందు ద్వారంలోంచి ఇన్ని రోజులూ వచ్చిపోయినవాళ్ళంతా ఎవరెవరో. నేను డాక్టరు దగ్గరికి పోయిన పూట సంగతి నాకేం తెలుసు. ఆ గదికి ఎవరైనా కావాలేమో అని టీ కొట్టువాడు అడిగాడు. అప్పుడే వద్దన్నాను.

మే 22
వంటకి ఉల్లిపాయ లేదు. మెట్ల కింద చెయ్యి పెట్టాను. పెట్టె తగల్లేదు. లైటు వేసి చూశాను.

ఉల్లిపాయలన్నీ నేల మీద ఉన్నాయి. కింద తెల్లటి గుడ్డ పరిచి, మట్టి దులిపి, కుప్పగా పోసి ఉన్నాయి. గుడ్డకి ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. పెట్టె లేదు.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. టీ కొట్టువాడు వచ్చి లేపాడు.

"ఏమైంది తాతా? ఒంట్లో బాగోలేదా?"

"దొంగతనం జరిగింది."

"ఏం పోయింది?"

"ఉల్లిపాయల పెట్టె. టేకుది."

"అయ్యో! ఆ ఇస్త్రీ పిల్ల పనేనా? పోలీసులకి చెబుదామా?"

"పేరడగకూడదురా. చట్టం."

వాడికి అర్థం కాలేదు. నాకు మతి పోయిందనుకుని టీ తెచ్చిచ్చాడు. చక్కెర ఎక్కువ వేశాడు. తాగాను.

దొంగ పిల్ల. నేల ఎగుడుదిగుడని చెప్పినా నమ్మలేదు. అడిగితే ఇవ్వనా?

ఒకటే బాధ. ఎడమ వైపు వంపు చెక్కకి మేకు కాస్త వదులు. ఇన్నేళ్ళూ ఊపే పని లేక చూసుకోలేదు. ఊపితే కిర్రుమంటుంది. నిద్రపట్టే వేళకి లేపేస్తుంది. ఒక్క చుక్క నూనె వేస్తే చాలు.

చెప్పాల్సింది.